పదిహేడో టేకు

మా అమ్మ పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోవడం నేను పదిహేడు సార్లు చూశాను. అందులో పదహారు సార్లు నేనే వెళ్ళమన్నాను. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు గానీ మొన్న చెప్పవలసి వచ్చింది. సర్జాపుర రోడ్డులో మేముంటున్న అపార్ట్‌మెంట్లలో పిల్లలకు షార్ట్ ఫిల్ముల పోటీ పెట్టి, కథలు రాసే మనిషిని కదా అని నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి డ్రోన్ ఎగరేసి తీసిన సినిమా చూపించింది. మా పద్నాలుగంతస్తుల బిల్డింగు అందులో అగ్గిపెట్టెలా ఉంది. అంతా అయ్యాక ఆ పిల్లే వచ్చి, ఆంటీ మీరెప్పుడైనా ఫిల్మ్ చేశారా అని అడిగింది. ఒకటి చేశాను, నాలుగు నిమిషాలది, ఒక్కదాన్నే చేశాను అన్నాను. మరి అసిస్టెంట్లు ఎవరూ లేరా అంది. ఒక పసుపు తువ్వాలు ఉండేదన్నాను. పిల్లలంతా నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

అప్పుడు మేం సిటీ శివార్లలోని చందాపురలో ఉండేవాళ్ళం. జంక్షన్ నుంచి లోపలికి వెళితే ఒక పొడుగాటి గల్లీ, గల్లీ మధ్యలో మునెమ్మగారి వఠారం, అందులో మూడో ఇల్లు మాది. నాన్న దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అమ్మ సువార్త, సిటీలో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. నాయనమ్మ చీరాల నుంచి కంటి ఆపరేషన్‌కని వచ్చి, ఆపరేషన్ అయ్యాక కూడా ఉండిపోయింది. మా ఇంట్లో కళ్ళు మూసుకుని కూడా ఎవరు ఎక్కడున్నారో చెప్పొచ్చు. నాన్న వస్తే మెషిన్ ఆయిల్ వాసన, అమ్మ వస్తే స్పిరిట్ వాసన, నాయనమ్మ కూర్చున్న చోట నీలగిరి తైలం వాసన. నేను ఏ వాసనా లేని డిగ్రీ రెండో సంవత్సరం పిల్లని.

అమ్మ పొద్దున ఎనిమిదిన్నరకి బస్సు దిగేది. అప్పటికి నాన్న వెళ్ళిపోయేవాడు, ఖాళీ టిఫిను గిన్నె స్టవ్ పక్కన పెట్టి. అమ్మ స్నానం చేసి, నాయనమ్మకు ఇడ్లీ పెట్టి, కళ్ళలో చుక్కలు వేసి, బట్టలు నానబెట్టి, కూర పొయ్యి మీద పడేసి, పదకొండింటికి తడిగుడ్డ మడిచి కళ్ళ మీద వేసుకుని పడుకునేది. సరిగ్గా అప్పుడే నాయనమ్మ బైబిలు తెరిచేది. ఆవిడకు చెవుడు. తన గొంతు తనకి వినబడాలి గనక, ఎవరు ఎవరిని కన్నారో ఆ పేర్లన్నీ వీధి చివరిదాకా వినబడేట్టు చదివేది. పన్నెండింటికి మునెమ్మగారు బోరు మోటారు వేసేవారు. అది మా పడకగది గోడకు ఆనుకుని ఉండేది. ఒంటిగంటకు ఆకుకూరలాయన. రెండున్నరకు నేను కాలేజీ నుంచి వచ్చి, అమ్మా తినడానికేముంది అనేదాన్ని. కళ్ళ మీద గుడ్డ తీయకుండానే అమ్మ, ఏ గిన్నెలో ఏముందో చెప్పేది. పడుకున్న మనిషి అంత స్పష్టంగా ఎలా చెప్తుందని నేను ఒక్కనాడూ అనుకోలేదు.

కాలేజీలో షార్ట్ ఫిల్ముల పోటీ అని నోటీసు పెట్టినప్పుడు నా దగ్గర కథ తప్ప ఏమీ లేదు. కథ కూడా చాలా చిన్నది. ఒకావిడ పెట్టె పట్టుకుని ఇంట్లోంచి బయటకు వస్తుంది. వీధి మలుపు దాకా నడుస్తుంది. అక్కడ ఆగి ఒక్కసారి వెనక్కి చూస్తుంది. తర్వాత మలుపు తిరిగి వెళ్ళిపోతుంది. అంతే. ఎందుకు వెళ్ళిపోతుందో నేను రాయలేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో కారణం చెప్పకపోవడమే కళ అనుకునేదాన్ని.

కెమెరా మా క్లాసమ్మాయి వాళ్ళ బాబాయి ఇచ్చాడు. ఆయన పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ఒక హ్యాండీకామ్ ఏదో పెళ్ళిలో పాయసంలో పడి, జూమ్ ముందుకెళ్ళి అక్కడే బిగుసుకుపోయింది. ఇక వెనక్కి రాదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని తీస్తే ముక్కు రంధ్రం తప్ప ఏమీ పడదు. మనిషి మొత్తం కనబడాలంటే వంద గజాల దూరం పోవాలి. మైకు పనిచేయదు, ఎప్పుడూ వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తుంది. బ్యాటరీ ఇరవై నిమిషాలు వస్తుంది. ఛార్జరు మాత్రం ఆయన ఇవ్వలేదు, రోజూ వాళ్ళింటికే వెళ్ళి పెట్టించుకోవాలి. నాకు అవన్నీ లోపాల్లా కనబడలేదు. మా గల్లీ చివర కట్టి సగంలో ఆపేసిన మూడంతస్తుల మేడ ఒకటి ఉండేది. దాని మీదికెక్కి, సిమెంటు బస్తాల మీద రాగిపిండి డబ్బా, డబ్బా మీద కెమెరా పెడితే మా గేటు నుంచి రోడ్డు మలుపు దాకా మొత్తం కనబడింది. సినిమా ఇక్కడి నుంచే అని తేలిపోయింది.

నటి దొరకడమే కష్టమైంది. స్నేహితురాళ్ళెవరూ పెళ్ళికాకుండా పెట్టెతో ఇల్లు వదలడానికి ఒప్పుకోలేదు. నాయనమ్మను అడిగితే సినిమా పాపమంది. కాసేపయ్యాక, అయినా వేషమేమిటో చెప్పు అంది. చెప్తే, నడవడమైతే నావల్ల కాదు, మంచం మీద కూర్చునేదైతే చూద్దాం అంది. చివరికి తడిగుడ్డ కింద ఉన్న అమ్మను అడిగాను.

"ఎంతసేపు నడవాలి?" అంది.

"మూడు నిమిషాలు."

"మాట్లాడక్కర్లేదు కదా?"

"అక్కర్లేదమ్మా."

"అయితే చేస్తాలే."

మేడ మీద నుంచి అరిస్తే అమ్మకు వినబడదు గనక తువ్వాలు పెట్టుకున్నాం. అమ్మ గేటు దగ్గర నిలబడి మేడ వైపు చూస్తుంది. నేను పసుపు తువ్వాలు ఒకసారి ఊపితే బయల్దేరాలి. మలుపు దగ్గర వెనక్కి చూసినప్పుడు రెండుసార్లు ఊపితే తప్పు జరిగిందని అర్థం, తిరిగి రావాలి. బ్యాటరీకి రోజుకు రెండు టేకులు. సమయం మధ్యాహ్నం మూడున్నర, ఎండ గల్లీకి అడ్డంగా పడే వేళ.

మొదటి టేకులో పెట్టె ఖాళీది కావడంతో అమ్మ చేతిలో కూరగాయల సంచిలా ఊగింది. సిటీ బజారు చిక్కపేటలో కొన్న ఎర్ర పెట్టె అది, తాళం సరిగ్గా పడేది కాదు. రెండో టేకుకి అందులో పచ్చడి నూరే రోలు పెట్టాను. అమ్మ పది అడుగులు వేసేసరికి తాళం ఊడి రోలు రోడ్డు మీద దొర్లింది. మూడో టేకులో మధ్యదాకా బాగా నడిచి, మునెమ్మగారి తీగ మీద నుంచి జారిపోతున్న లంగా చూసి పెట్టె కింద పెట్టి, దాన్ని సర్ది క్లిప్పు పెట్టి మళ్ళీ నడిచింది. నాలుగో టేకులో మునక్కాయల బండి ఎదురైంది. ఇల్లు విడిచిపోతున్న ఆడమనిషి నాలుగు మునక్కాయలు ఏరి, ఆకు తుంచి వాసన చూసి, పెట్టె చంకన పెట్టుకుని బేరమాడింది. ఐదో టేకులో గేటు దాటగానే వెనక్కి వెళ్ళి పొయ్యి ఆపిందో లేదో చూసి వచ్చింది. మేడ మీద ఒంటరిగా తువ్వాలు ఊపి ఊపి నాకు చెయ్యి నొప్పి పుట్టేది. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి చేత ఇన్నిసార్లు నడిపిస్తున్నానన్న బాధ మాత్రం లేదు. ఆవిడ నటన బాగుపడడం లేదన్న బాధే.

కెమెరా మేడ మీద ఉండడం వల్ల కింద గల్లీకి నేను కనబడను. వాళ్ళకు కనబడింది అమ్మ ఒక్కతే. రోజూ మూడున్నరకు గేటు దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తుంది. పెట్టె ఎత్తుకుని బయల్దేరుతుంది. మలుపు దాకా పోతుంది. అక్కడ ఆగి మళ్ళీ ఆకాశం వైపు చూస్తుంది. తల అడ్డంగా ఊపి నిట్టూర్చి వెనక్కి వస్తుంది. పావుగంటయ్యాక మళ్ళీ బయల్దేరుతుంది. ఇలా ఐదు రోజులు.

నాన్నకు ఈ సంగతి మునెమ్మగారు చెప్పారు. ఆవిడ వాళ్ళు తరాలుగా ఆ ఊరివాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, కన్నడం కలిసి మాకు అర్థమవడానికి మొదట్లో ఏడాది పట్టింది. నాన్న డ్యూటీ దిగి వస్తుంటే గేటు దగ్గర ఆపి చెప్పారట.

"నేను సుమ్నే ఊరికే చెప్పేది లేదప్పా. మీ ఆడామె దినామూ పెట్టె ఎత్తుకోని మూలకాడికి పోతా ఉండాది. ఆడ నిలబడి దేవుని చూసి ఏడ్చుకోని తిరిగొస్తా ఉండాది. ఒగ దినం తిరిగి రాకపోతే నన్ను అడగొద్దు."

నాన్న భయపడ్డాడు. ఆయన నెమ్మదస్తుడు. ఫ్యాక్టరీలో మెషిన్ ఆగిపోతే దాని చుట్టూ మూడుసార్లు తిరిగి ఎక్కడ ఆగిందో చూస్తాడు గానీ ఎవరినీ కేకలు వెయ్యడు. ఇంటికి వచ్చి అమ్మ చుట్టూ కూడా అలాగే తిరిగాడట. కాఫీ ఇస్తే రెండు చేతులతో పుచ్చుకున్నాడట. కానీ ఏమైందని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. తిన్నగా మా పాస్టరు గారి దగ్గరకు వెళ్ళాడు. మేం అయ్యగారు అనేవాళ్ళం. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు మా ఇంటికి వచ్చారు. ఆటో నాగరాజు కూడా వచ్చాడు, సాక్ష్యానికి. గల్లీ మలుపులో ఉండేది అతని ఆటోనే. అమ్మ ఆగినప్పుడల్లా దగ్గర నుంచి చూసింది తనేనని అతని లెక్క.

నేను ఆ వేళ బ్యాటరీ ఛార్జింగుకు వెళ్ళాను. జరిగింది తర్వాత తలా ఒక రకంగా చెప్పారు. అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి చర్చికి, చర్చి నుంచి ఇంటికి వచ్చి కూర్చుంది. అయ్యగారు చాలా మృదువుగా, అమ్మా సువార్తా, మనసు విప్పి చెప్పు అన్నారు. అమ్మ, మా పిల్ల సినిమాకండీ అంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిడ్డను అడ్డం పెట్టుకుంటోంది పాపం అని అమ్మగారికి కళ్ళ నీళ్ళు వచ్చాయట. అయ్యగారు రెండోసారి అడిగారు. అమ్మ మళ్ళీ సినిమాకే అంది. మూడోసారి ఆయన, అది కాదమ్మా, ఈ ఇంట్లో నీకు తక్కువైనదేమిటో అది చెప్పు అన్నారు.

"నిద్రండీ" అంది అమ్మ.

ఎవరూ దాన్ని జవాబుగా తీసుకోలేదు. బాధలో ఉన్న మనిషికి నిద్ర ఎలా పడుతుందని అమ్మగారు అన్నారు. అయ్యగారు అందరినీ మోకరించమని ప్రార్థన మొదలుపెట్టారు. ముప్పావు గంట సాగిన ప్రార్థన అది. నేను తిరిగి వచ్చేసరికి ఇంటి నిండా జనం, మునెమ్మగారు కూడా కొంగు తలమీద వేసుకుని కూర్చుని ఉన్నారు. మధ్యలో అమ్మ గోడకు ఆనుకుని తల వంచుకుని ఉంది. ఆవిడ భక్తి చూసి అయ్యగారు ప్రార్థన మరింత పొడిగించారు. నేను దగ్గరకు వెళ్ళి చూస్తే అమ్మ మంచి నిద్రలో ఉంది.

ఆమెన్ అన్నాక నేను కెమెరా తీసి అందరికీ చూపించాను. చిన్న కన్నంలోంచి చూడాలి. నాగరాజు చూశాడు. మునెమ్మగారు చూశారు. తన లంగాకు అమ్మ క్లిప్పు పెడుతున్న దృశ్యం చూసి ఆవిడకు పూర్తి నమ్మకం కుదిరింది. నాన్న అందరికన్నా చివర చూశాడు. చూసి పక్కకు వెళ్ళి చాలాసేపు నవ్వాడు. అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. గండం గడిచిన మనిషి నవ్వు అది.

అసలు కష్టం ఆ తర్వాతి మూడు రోజులూ పడ్డాను. గల్లీ మొత్తానికి తాము సినిమాలో ఉన్నామని తెలిసిపోయింది. పదకొండో టేకుకి మునెమ్మగారు పట్టుచీర కట్టి గేటు పక్కన నిలబడి, అమ్మ బయటకు రాగానే వెళ్ళొద్దని చేతులు చాచారు. నాగరాజు ఆటో కడిగి, బొట్టు పెట్టి, దండ వేశాడు. మునక్కాయలాయన నాలుగు టేకుల పాటు అదే చోట నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అందరినీ వఠారం ముందు కూర్చోబెట్టి బతిమాలాను. మీరెవరూ నటించకూడదు, మా అమ్మ ఏం చేసినా మీరు చూడకూడదు, పలకరించకూడదు, ఎక్కడికని అడగకూడదు, మీ పని మీరు చేసుకోవాలి, అదే గొప్ప నటన అని చెప్పాను. మునెమ్మగారు శ్రద్ధగా విని, "చూసీ చూడనట్ట ఉండాల, అంతే కదా?" అన్నారు. అంతే అన్నాను. రెండు రోజులు నేర్పించాను. పదహారో టేకుకి మా గల్లీ అంత సహజంగా ఏ గల్లీ ఉండదన్నట్టు తయారైంది. అమ్మ పెట్టెతో పక్క నుంచి పోతుంటే ఒక్క కన్ను కూడా పైకి లేవలేదు.

పదహారోది బాగానే వచ్చింది. కానీ మలుపు దగ్గర అమ్మ వెనక్కి చూసినప్పుడు ఆవలించింది. మర్నాడు, ఇంకొక్కసారి చేద్దామమ్మా అన్నాను.

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"సరే. ఒక్కసారే" అంది అమ్మ.

ఆ రోజు నేను తువ్వాలు ఊపకముందే అమ్మ గేటు దాటింది. గబగబా కెమెరా నొక్కాను. పెట్టె వైపుకి కొంచెం ఒరిగి, బరువు మోస్తున్నట్టు నడిచింది. రోలు తీసేశాం కదా, ఎంత బాగా చేస్తోంది అనుకున్నాను. మునెమ్మగారు మిరపకాయలు తిరగేస్తూ తల ఎత్తలేదు. మునక్కాయలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. మలుపు దగ్గర అమ్మ ఆగలేదు. వెనక్కి చూడలేదు. నాగరాజు ఆటో ఎక్కింది, ఆటో కదిలింది. నేను రాసిన ముగింపు కన్నా అది ఎంతో బాగుంది. మేడ మీద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. తర్వాత చాలాసేపు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

నాన్న వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉన్నాను. విషయం చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి బీరువా తెరిచాడు, మూశాడు. పడకగదిలో చాలాసేపు నిలబడ్డాడు. బయటకు వచ్చి, "దిండు తీసుకెళ్ళింది" అన్నాడు. అమ్మకు బూరుగు దూది దిండు ఒకటి ఉండేది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. "దిండు తీసుకెళ్ళిందంటే ప్రాణం మీదికేమీ తెచ్చుకోదు" అన్నాడు, నాకు చెబుతున్నట్టు కాదు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. మునెమ్మగారి ఫోను నుంచి ఆసుపత్రికి చేస్తే, రెండు రోజులు సెలవు పెట్టిందన్నారు. గల్లీలో ఎవరిని అడిగినా, వెళ్ళడం చూశాం గానీ నువ్వు చూడొద్దన్నావు గదా అని చూడలేదు అన్నారు. చాలా గర్వంగా చెప్పారు. నాగరాజు మరీనూ. జంక్షన్‌లో సిటీ బస్సుల దగ్గర దింపానని, ఏ బస్సెక్కిందో తెలియదని, తెలుసుకోవాలనిపించినా కెమెరా ఉందేమోనని ముందుకే చూస్తూ వచ్చేశానని చెప్పాడు. తను కూడా బాగా నటించాడా లేదా అని మధ్యలో నన్ను అడిగాడు.

మిగిలిన సాక్ష్యం నా క్యాసెట్ ఒక్కటే. క్లాసమ్మాయి బాబాయిని బతిమాలి ఛార్జరు తెచ్చి, మునెమ్మగారి టీవీకి కెమెరా తగిలించి, సాయంత్రం ఏడింటికి వఠారమంతా కూర్చుని చూశాం. అయ్యగారు కూడా వచ్చారు. పెట్టె ఎంత బరువుందో, చేతిసంచి ఉందో లేదో, చెప్పులు ఏవో చూడడానికి వెనక్కి తిప్పి తిప్పి ఏడుసార్లు వేశాను. నా సినిమాకు అంతకన్నా శ్రద్ధగల ప్రేక్షకులు మళ్ళీ దొరకలేదు. అయ్యగారు, ఇక్కడ ఆపమ్మా, కుడి చేతిలోంచి ఎడమ చేతికి మార్చుకుంది చూడండి అన్నారు. మునెమ్మగారు తను మిరపకాయలు తిరగేసే తీరు బాగా వచ్చిందన్నారు, తర్వాత సిగ్గుపడ్డారు. నాన్న మాత్రం ఏమీ వెతకలేదు. తెర మీద వెళ్ళిపోతున్న అమ్మ వీపు వంకే చూస్తూ కూర్చున్నాడు. ఏడోసారి అయ్యాక, "ఎప్పట్నుంచి ఇట్టా కాళ్ళు ఈడుస్తా నడుస్తుందే మీ అమ్మ?" అని నన్ను అడిగాడు. నేను పదిహేడు సార్లు కెమెరాలోంచి చూశాను. నాకూ తెలియదు.

మర్నాడు సాయంత్రం మునెమ్మగారి ఫోనుకి అమ్మ ఫోన్ చేసింది. చిక్కపేటలో ఉంది, తనతో పాటు నర్సు ట్రైనింగ్ చేసిన లీల వాళ్ళింట్లో. కింద బట్టల మూటలు కట్టే గోడౌను, పైన ఒక గది. ఎలా ఉన్నావని అడిగితే, పడుకున్నానంది. నిన్న సాయంత్రం నుంచి ఈ సాయంత్రం దాకానా అంటే అవునంది. నాన్న ఫోను పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక, అక్కడ గోలగా ఉండదా అన్నాడు. అమ్మ చెప్పిన జవాబు ఫోను పక్కనే ఉన్న నాకూ వినబడింది.

"తోపుడుబళ్ళూ హమాలీలూ ఒకటే అరుపులండీ. కానీ ఒక్కరూ నన్ను పిలవట్లేదు."

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ తిరిగి వచ్చింది. చూడొద్దని గల్లీకి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం నేను మరిచిపోయాను. ఆవిడ పెట్టెతో మలుపు తిరిగి వస్తుంటే నాగరాజు మొహం తిప్పుకుని అద్దం తుడుచుకున్నాడు. మునక్కాయలాయన పక్కకు చూశాడు. మునెమ్మగారు గేటు దగ్గరే ఉండి కూడా చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. అమ్మ ఇంట్లోకి వచ్చి పెట్టె దించి, "వీధిలో ఎవరూ పలకట్లేదేంటే, నామీద అంత కోపమా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు మొదటిసారి ఆవిడ మొహంలో భయం చూశాను. నేను వీధిలోకి పరుగెత్తి, అయిపోయింది, షూటింగ్ అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు అని అందరికీ చెప్పి వచ్చాను. అరగంట పాటు మా ఇల్లు పెళ్ళిల్లులా అయింది. నాయనమ్మ ఒక్కతే ఏమీ తెలియనట్టు అమ్మ చెయ్యి పట్టుకుని, ఆ రెండు రోజులూ నాన్న పెట్టిన ఉప్మా గురించి ఫిర్యాదు చేసింది.

తర్వాత పెద్ద మార్పులేమీ రాలేదు, చిన్నవి వచ్చాయి. బోరు మోటారు వేళ మారింది. నాయనమ్మ బైబిలు పట్టుకుని మునెమ్మగారి వరండాలోకి వెళ్ళేది, మునెమ్మగారికి ఆ పేర్లన్నీ కంఠతా వచ్చేశాయి. నేను అన్నం నేనే పెట్టుకు తినడం నేర్చుకున్నాను, పంతొమ్మిదేళ్ళకు. నాన్న పొద్దున్నే కూర వండి వెళ్ళేవాడు. అందులో ఉప్పు మెషిన్‌కి ఆయిల్ పోసినట్టు కొలిచి వేసేవాడు. ఏడాదికి అమ్మకు పగటి డ్యూటీ దొరికింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లలో రోజుకు ఎందరో పెట్టెలతో వెళుతుంటారు, వస్తుంటారు. పెట్టెలకు చక్రాలు, గేటు దగ్గర ఒక నంబరు చెబితే చాలు. ఎవరూ ఎవరినీ ఎక్కడికని అడగరు. నేను మా గల్లీకి రెండు రోజులు కష్టపడి నేర్పిన విద్య ఇక్కడ అందరికీ పుట్టుకతో వచ్చినట్టుంది. అప్పట్లో మునెమ్మగారి ఆరాలకు విసుక్కునేదాన్ని. ఇప్పుడు నేను పెట్టెతో పదిహేడు సార్లు వెళ్ళి వచ్చినా నా కోసం అయ్యగారిని పిలిచేవాళ్ళు లేరు. అది సుఖమే అనుకుంటాను చాలా రోజులు. కొన్ని రోజులు అనుకోను.

అప్పటి పోటీకి పదిహేడో టేకునే పంపాను. కత్తిరించడం రాదు గనక ఏమీ కత్తిరించలేదు. ముందు ఒక అట్ట మీద పేరు రాసి తీసి అతికించాను. కాలేజీ ఆడిటోరియంలో వేశారు. నాన్న సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మను తీసుకుని వచ్చాడు. నేను వేదిక పక్కన నిలబడి ఉన్నాను. సినిమా అయ్యాక జడ్జిగారు మైకు తీసుకుని, నటి నడక చాలా సహజంగా ఉంది, వీధిలోవాళ్ళ నిర్లక్ష్యం అద్భుతంగా పట్టుకున్నారు అన్నారు. తర్వాత, కథలోనే లోపముంది, ఈమె ఎందుకు వెళ్ళిపోతోందో ఎక్కడా చెప్పలేదు, కారణం లేకుండా ఏ ఆడమనిషి ఇల్లు వదులుతుంది అని నన్ను అడిగారు.

అప్పుడు వెనక వరసలోంచి నాన్న లేచి నిలబడ్డాడు. నలుగురిలో ఆయన మాట్లాడడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

"కారణం ఉందండీ" అన్నాడు. "ఇంట్లోవాళ్ళం మేం అడగలేదు."

హాల్లో కొందరికి అది వినబడనే లేదు, ఏమన్నాడని పక్కవాళ్ళను అడిగారు. జడ్జిగారు గట్టిగా చెప్పమన్నారు. నాన్న అలాగే మెల్లగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో, ఏసీ గాలికి కొంగు నిండా కప్పుకుని, అమ్మ నిద్రపోతోంది.